గరిటమ్మ కూతురు

ఆ బడిలో కొత్తగా చేరిన పిల్లలు అక్షరాలకంటే ముందు నేర్చుకునేది గరిటమ్మ కథ. వరండా చివర సామాన్ల గది ఉంది చూశారూ, అదే ఆవిడ ఇల్లు. పూర్వం పెద్ద కరువొచ్చిన ఏడు ఆకలికి తాళలేక తన చంటిబిడ్డనే తినేసిందట. చచ్చినా ఆకలి చావక, చేతిలో గరిటె, భుజాన శాలువలో బిడ్డ బొమికలు పెట్టుకుని తిరుగుతుందట. పిల్లలు భోజనాలకు వరసలో నిలబడినప్పుడు వెనకనుంచి తలలు లెక్కపెట్టుకుంటూ వస్తుందట. లెక్కకు ఒక తల ఎక్కువొచ్చిందా, ఆ ఎక్కువైన పిల్లను శాలువలో వేసుకుపోతుంది. అప్పుడు ఏడవకూడదు. ఏడిస్తే బతికున్నట్టు తెలిసిపోతుంది.

అందుకని ఆ బడి పిల్లలు వరసలో ఉండగా ఒకళ్లనొకళ్లు లెక్కపెట్టుకోరు. టీచరు గదమాయించి లెక్కపెట్టిస్తే "ఒకటి, రెండు, నాలుగు" అంటూ మధ్యలో ఒక అంకె ఎగ్గొడతారు. ఎందరో లెక్కల మాస్టార్లు ఈ తప్పు దిద్దలేక తల పట్టుకున్నారు.

బడి ఆయా ఈ కథను నలభై ఐదేళ్లుగా వింటోంది. పిల్లలకూ పెద్దలకూ ఆమె ఆయమ్మే. పొద్దున్నే తాళాలు తీయడం, ఆరు గదులూ ఊడ్చి నల్లబల్లలు తడిగుడ్డతో తుడవడం, ఒకటో తరగతి వాళ్ల ముక్కులు చీదించడం, లాగులు తడుపుకున్న వాళ్లకు పొడి లాగులు వెతికి తొడగడం, భోజనాల వేళ పళ్లేలు పరచడం, సాయంత్రం గంట కొట్టడం ఆమె పని. వయసు అరవై ఆరు. పర్మనెంటు చెయ్యని ఉద్యోగం కనక దానికి రిటైర్మెంటూ లేదు. "నన్ను తీసెయ్యాలంటే ముందు వేసుకోవాలిగా!" అని నవ్వేది.

పిల్లల నోట ఆ కథ విన్నప్పుడల్లా ఆమె చేతిలో చీపురు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలేది. గరిటమ్మ ఆమె కన్నతల్లి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

బడి ఉన్న కట్టడం మొదట్లో ధాన్యం గోదాము. కరువు ఏడు ధాన్యం అడుగంటాక, ఆ ఆవరణలోనే పొడుగాటి గాడిపొయ్యిలు తవ్వి గంజి కేంద్రం పెట్టారు. తలకొక గరిటె. ముసలివాళ్లకైనా, చంకలో బిడ్డకైనా అదే కొలత. మనిషి వరసలో కళ్లకు కనబడాలి, అంతే. ఇంట్లో ఉన్నవాళ్ల పేరు చెప్పి పట్టుకెళ్లడం కుదరదు. అప్పుడు ఆయమ్మకు ఆరేళ్లు. పని వెతుక్కుంటూ వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. అమ్మ, తను, పది నెలల తమ్ముడు మిగిలారు.

ఒకరోజు పొద్దున తమ్ముడు లేవలేదు. "వాడు పడుకున్నాడు. ముట్టుకోకు," అంది అమ్మ. శాలువలో మెడదాకా చుట్టి భుజాన వేసుకుని వరసలో నిలబడింది. ఆ రోజూ మూడు గరిటెలు పడ్డాయి. మర్నాడూ పడ్డాయి. ఆ తర్వాతి రోజూ పడ్డాయి. తమ్ముడి వాటా గంజి అమ్మ ముట్టుకోలేదు, అంతా కూతురి చేతే తాగించింది. తాగుతుంటే శాలువలోంచి వాసన వచ్చేది. ఆ పిల్ల ముక్కు మూసుకుని మరీ తాగింది. ఆరేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకోవచ్చు ఎవరైనా. ఆమెకు రెండో రోజే తెలిసింది.

నాలుగో రోజు వరసలో ఎవరో శాలువ లాగారు. జనం గొల్లుమన్నారు. "బిడ్డని తినేస్తోంది! చచ్చిన బిడ్డని తినేస్తోంది!" అని వెనకనుంచి ఒకామె కేకపెట్టింది. చచ్చిన బిడ్డ వాటా తింటోందని ఆమె ఉద్దేశం కాబోలు. ఆ మాట నోళ్లు మారేసరికి వాటా జారిపోయి బిడ్డ మాత్రమే మిగిలాడు.

అమ్మ బిడ్డను మళ్లీ చుట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది. కూతురు ఏడుస్తూ వెంటపడింది. అమ్మ వెనక్కి తిరిగింది, వంగి రాయి తీసింది, విసిరింది. మోకాలికి తగిలింది. ఆ పిల్ల అక్కడే చతికిలబడి మళ్లీ తలెత్తేసరికి దారి మీద ఎవరూ లేరు. అమ్మను చూడడం అదే ఆఖరు.

గోదాము వెనకాల అనాథపిల్లల కోసం వేసిన పాకలో ఆమెను చేర్చుకున్నారు. పెద్దయ్యేకొద్దీ అక్కడే చిప్పలు తోమింది, నీళ్లు మోసింది. కరువు పోయింది, పాక తీసేశారు, గోదాముకు కిటికీలు పెట్టి బడి చేశారు. ఆమెను మాత్రం ఎవరూ పొమ్మనలేదు. గోడలకు సున్నాలు వెయ్యడానికి వచ్చిన ఒకతను ఆమెను చేసుకున్నాడు. నోరున్న మనిషి. "నా పెళ్లాం బడిలోనే పెరిగింది, బడిలోనే పని చేస్తోంది, అయినా ఒక్క క్లాసూ పాసవలేదు," అని నలుగురిలో ఆటపట్టించేవాడు. పిల్లల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆమె మొండికేసింది. "బడినిండా ఉన్నారుగా, ఇంకా ఎందుకు?" అనేది. రేపు మళ్లీ అలాంటి కరువొచ్చి, ఇద్దరు పిల్లలుండి, ఒక్కరికే సరిపడా ఉంటే ఏం చెయ్యాలన్నది ఆమె భయం. అది మొగుడికి కూడా చెప్పలేదు. పెళ్లయిన పదిహేనో ఏట అతను సున్నం వేస్తూ సారవ మీదనుంచి పడి చనిపోయాడు. చెప్పడానికి ఇంకెవరూ లేకుండా పోయారు.

అలా ఉండగా ఈ ఏడాది చదువుల మధ్యలో ఒకటో తరగతిలో ఒక పిల్ల చేరింది. లారీలకు బస్తాలెత్తే మనిషి కూతురు. చూపుడువేలంత సన్నగా, ఎక్కడ కూర్చుంటే అక్కడే ముడుచుకుపోయి ఉండేది. పిల్లలు పిచ్చుక అని పేరు పెట్టారు. అయిదో తరగతిలో ఎప్పుడూ రెండు ఎర్ర రిబ్బన్లతో తిరిగే పిల్ల ఒకతి ఉంది. ఆటలన్నిటికీ అదే పెత్తందారు. పిచ్చుకను చూసిన రోజే తేల్చేసింది: "ఇది మధ్యలో వచ్చింది. ఎక్కువైన తల ఇదే."

అప్పటినుంచి పిచ్చుక వరసలో నిలబడడం మానేసింది. అన్నం పెడితే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. ఆయమ్మ పక్కన కూర్చుని తినిపించబోయినా నోరు తెరవలేదు.

ఒక మధ్యాహ్నం ఆయమ్మ చాపలు తీయడానికి సామాన్ల గది తెరిచి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి గది తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. వరండాలో పిల్లలు గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"గరిటమ్మా గరిటమ్మా, ఎన్ని తలలు?"

"ఒకటెక్కువ! ఒకటెక్కువ!"

ఆమెను చూడగానే తలో దిక్కు పారిపోయారు. లోపలనుంచి చిన్న చప్పుడు కూడా లేదు. గడియ తీసి చూస్తే, విరిగిన బల్లల సందులో పిచ్చుక కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడుపు బయటికి రాకుండా తన ముంజేతిని తనే కొరికి పట్టుకుంది. నెత్తురు మోచేతిదాకా కారి ఆరిపోతోంది.

"తల్లీ, వదులు. ఆ చెయ్యి వదులు."

వదల్లేదు. ఆయమ్మ కింద కూర్చుని ఒళ్లోకి తీసుకుని దవడ మెల్లగా నొక్కి చెయ్యి విడిపించింది. అప్పుడు ఆ పిల్ల గొంతు పెగిలింది.

"నన్ను తింటుందా?"

"తినదమ్మా."

"వాళ్ల పాపని తిందిగా?"

"తినలేదు."

"నీకెలా తెలుసు?"

"అది మా అమ్మ," అంది ఆయమ్మ.

అరవై ఏళ్లు దాచుకున్న మాట అలా నోరు జారింది. పిచ్చుక ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, మెడ చుట్టూ చేతులు వేసి అప్పుడు ఏడ్చింది. తలుపు వెనక నక్కి ఉన్న ఇద్దరు ముగ్గురి చెవిన కూడా ఆ మాట పడింది.

సాయంత్రం గంట కొట్టేలోపే బడంతా గుప్పుమంది. మర్నాడు ఆయమ్మ పళ్లెం అందిస్తే రెండో తరగతి పిల్లలు చేతులు వెనక్కి లాక్కున్నారు. ఒకడు ఆమె పళ్లకేసి తేరిపార చూసి పరిగెత్తాడు. కొత్తగా వచ్చిన టీచరమ్మ, పిచ్చుక చేతికి కట్టు చూసి మండిపడి, రిబ్బన్ల పిల్లను అందరి ముందూ నిలబెట్టింది.

"ఈ పిచ్చి కథలన్నీ నీకెవరు చెప్పారే?"

"పిచ్చి కథ కాదు టీచర్. మా ముత్తాత కళ్లారా చూశాడు. గంజి పోసింది మా ముత్తాతే."

నల్లబల్ల తుడుస్తున్న ఆయమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ ముత్తాతను ఊళ్లో అందరూ పెద్ద వంటాయన అంటారు. ఒకప్పుడు వెయ్యి మందికి వండిన చెయ్యి. ఇప్పుడు ఎనభై దాటి, మంచం పట్టాడు. ఆదివారం పొద్దెక్కాక ఆయమ్మ ఆ ఇంటికి వెళ్లింది. వెనక గదిలో, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే వంట డేగిసాల మధ్య మంచం వేసి ఉంది. కోడలు గిన్నె పట్టుకుని స్పూనుతో అన్నం పెడుతుంటే ఆయన మూతి తిప్పుకుంటున్నాడు. ఆయమ్మను చూసి ఆగాడు.

"అమ్మా, కాసేపు ముందు గదిలో కూర్చో," అన్నాడు కోడలితో.

ఆమె వెళ్లాక ఆయమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నేనెవరో తెలుసా బాబాయ్?"

"తెలీకేం. పాకలో చిప్పలు తోమిన పిల్లవి."

"అంతకు ముందు?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మా అమ్మ బిడ్డని తిందని చెప్పింది నువ్వేనా?"

"పిల్లలు అన్నం పారేస్తుంటే భయపెట్టడానికి చెప్పాను. వాళ్లు పెద్దయి వాళ్ల పిల్లలకి చెప్పుకున్నారు."

"తిందా?"

"లేదు."

"నీకేం తెలుసో చెప్పు. నేను వినడానికే వచ్చాను."

ఆయన కళ్లు పైకప్పు మీద పెట్టుకుని చెప్పాడు. "అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మొదటి రోజే చూశాను. బిడ్డ పెదవి మీద ఈగ వాలింది, వాడు కదల్లేదు. మీ అమ్మ నా వంక చూసింది. నేను గరిటె వంచాను. రెండో రోజూ వంచాను. మూడో రోజు వాసనకి పక్కవాళ్లు మొహాలు తిప్పుకుంటున్నా ఎరగనట్టు వంచాను. నాలుగో రోజు పై అధికారి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. గంజి చాలట్లేదు, వరసలో దొంగ తలలున్నాయి, పట్టుకుంటావా, నువ్వు కూడా వెళ్లి ఆ వరసలో నిలబడతావా అన్నాడు. నాకూ ఇంట్లో అమ్మ, ముగ్గురు చెల్లెళ్లు. శాలువ లాగింది నేనే."

ఆయమ్మ తన చేతులకేసి చూసుకుంది. ఆ రోజు శాలువ మీద పడిన చెయ్యి ఆమెకు గుర్తుంది. మొహం ఎంత వెతుక్కున్నా ఎన్నడూ గుర్తురాలేదు.

"మరి తిందని ఎందుకు చెప్పావు?"

"ఆవిడ తిందంటే, లాగినవాడెవడని ఎవరూ అడగరు."

ముందు గదిలో ఎవరో దగ్గారు. ఆయమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. అసలు అడగాలనుకున్నది ఇంకా మిగిలే ఉంది.

"నన్ను రాయి పెట్టి కొట్టి పోయింది బాబాయ్. కన్న కూతురిని."

"కొట్టమంది నేనే."

ఆమె చెయ్యి మోకాలి మీదికి పోయింది.

"రిజిస్టరులో మీ ఇద్దరి పేర్లూ కొట్టేశారు. మీ అమ్మ గేటు దాటగానే, నువ్వు జనంలోంచి బయటపడేలోపే, గోడ వెనక్కి వెళ్లి చెప్పాను, ఎవరూ లేని పిల్లలకైతే పాకలో రెండు పూటలా పెడతారు, నువ్వు ఉన్నంతకాలం దీన్ని చేర్చుకోరని. 'ఇది నన్ను వదలదయ్యా' అంది. 'నువ్వే తరమాలి' అన్నాను. రాళ్లు చాలా ఉన్నాయక్కడ. ఏరి ఏరి చిన్నది తీసింది. ఆ పిల్లకి ఎవరూ లేరని అధికారితో నేనే సాక్ష్యం చెప్పాను."

"ఎక్కడికి పోయింది?"

"రైలుకట్ట వైపు. వారం పోయాక గుంటలు తవ్వేవాళ్లు, శాలువ మూట పట్టుకుని ఉన్న ఒకామెని పూడ్చామన్నారు. మీ అమ్మో, ఇంకెవరో. అలాంటివాళ్లు ఒకరా ఇద్దరా?"

"ఒకే ఊళ్లో ఉన్నాం కదా. ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది? అమ్మకి నేను అక్కర్లేకపోయానని అనుకుంటూనే ముసలిదాన్నయిపోయాను."

ఆయన క్షమించమని అడగలేదు. అడిగి ఉన్నా ఏమనాలో ఆమెకు తెలియదు. లేచి, చల్లారిపోయిన అన్నం గిన్నె మీద మూత పెట్టి వచ్చేసింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. గడపలో కూర్చుని, ఏరి ఏరి చిన్నది తీసిందన్న మాటే మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉండిపోయింది.

సోమవారం ఉదయం ఆమె టీచరమ్మ దగ్గరకు వెళ్లింది.

"అమ్మా, గరిటమ్మ కథ నేను చెబుతాను. పిల్లలందర్నీ కూర్చోబెడతారా?"

టీచరమ్మ చేతిలో పుస్తకం మూసింది. "చిన్నపిల్లలు ఆయమ్మా. తట్టుకోగలరా?"

"తల్లి బిడ్డని తిందంటే తట్టుకున్నారుగా తల్లీ. ఇది దానికంటే నయం."

వరండాలో చాపలు పరిచి కూర్చోబెట్టారు. ఆయమ్మ గోడకు ఆనుకుని, దాచకుండా, పెంచకుండా చెప్పింది. శాలువ లాగిన మనిషి ఎవరో మాత్రం చెప్పలేదు. రిబ్బన్ల పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంది మరి. రాయి దగ్గరకొచ్చేసరికి ఆగింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక చిన్నవాడు అడిగాడు.

"ఆయమ్మా, ఆ గంజి బాగుండేదా?"

టీచరమ్మ వాడిని కసురుకోబోయింది. ఆయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగుండేది నాన్నా. తమ్ముడి వాటా కూడా బాగుండేది. ఇంకొంచెం ఉంటే బాగుండుననుకున్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు."

పిల్లలకు అది చాలినట్టుంది. పెద్దలకు చాలలేదు. ఆ వారంలోనే నలుగురైదుగురు తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదిలోకి వచ్చిపడ్డారు. పసిపిల్లలకు శవాల కథలేమిటని నిలదీశారు. అంతకుముందు ఏళ్ల తరబడి తమ పిల్లల్ని గరిటమ్మకు పట్టిస్తామని బెదిరించి అన్నం తినిపించినవాళ్లే వాళ్లంతా. హెడ్మాస్టరు ఆయమ్మను పిలిచి, కొన్నాళ్లు పిల్లల దగ్గరకు రావద్దనీ, ఆవరణ ఊడ్చుకుంటే చాలనీ చెప్పాడు. "సరేనయ్యా," అంది. మూడు నెలలు ఆకులు ఊడ్చింది. పిచ్చుక మాత్రం భోజనం గంట కొట్టగానే పళ్లెం పట్టుకుని ఆవరణలోకే వచ్చి ఆమె పక్కన కూర్చునేది. రోజూ నాలుగు ముద్దలు. ఒక్కో రోజు అయిదు.

చలికాలంలో పెద్ద వంటాయన పోయాడు. చివరి రోజుల్లో అన్నం బొత్తిగా మానేశాడని కోడలు చెప్పింది. ఆయమ్మ ఆ ఇంటికి వెళ్లి, వచ్చినవాళ్లలో చివరి వరసలో కాసేపు కూర్చుని వచ్చింది. ఏడవలేదు, తిట్టుకోనూలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఇంటర్వెల్లులో ఆమె గేటు దగ్గర ఊడుస్తుంటే పిల్లలు కొత్త ఆట ఆడుతున్నారు. ఆటకు పేరు గరిటమ్మే. ఒకడు గరిటెవాడు, ఒకడు అధికారి, మిగతావాళ్లు వరస. రిబ్బన్ల పిల్ల గరిటమ్మ. తువ్వాలు చుట్టి బిడ్డగా పట్టుకుని వరసలోంచి వెళ్లాలి. అధికారి పసిగట్టకుండా మూడుసార్లు దాటితే గెలిచినట్టు. వరసలోవాళ్లంతా గరిటమ్మ పక్షమే, అధికారికి అడ్డంపడి కనబడకుండా చేస్తున్నారు. కేరింతలు, తోపులాటలు.

ఆయమ్మ చీపురు పట్టుకుని గోడ పక్కకు వెళ్లిపోయింది. కానీ అక్కడినుంచి కూడా ఆ అమ్మాయి తువ్వాలును చంకలో పుస్తకంలా ఇరికించుకుని నడవడం కనబడుతోంది. రెండుసార్లు దొరికిపోయింది. మూడోసారికి ఆయమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. చీపురు కింద పడేసి వాళ్ల మధ్యకు వెళ్లింది. పిల్లలు తిడుతుందేమోనని బిక్కచచ్చి నిలబడ్డారు.

"అలా పట్టుకుంటే ఎవడైనా కనిపెడతాడే. మెడ కింద చెయ్యి వెయ్యి. ఇంకో చెయ్యి వీపు మీద. ఆఁ, అలాగ. మధ్యమధ్యలో జో కొడుతూ నడువు."

రిబ్బన్ల పిల్ల తువ్వాలును సరిగ్గా భుజాన వేసుకుంది. మెల్లగా జో కొడుతూ వరసలోకి వెళ్లి నిలబడింది.